విల్లు పట్టుకున్నవాడికి రియాక్షన్ అటాక్ ఎందుకు ఉండదు?

వింటినారి
మేం ఆడేది డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలతో ఆడే రోల్‌ప్లేయింగ్ గేమ్) 5వ ఎడిషన్, 2014 రూల్స్. నాది ఫైటర్, ఆయుధం లాంగ్‌బో. మొన్నటి ఫైట్‌లో గోబ్లిన్ల నాయకుడు నాకు పదడుగుల దూరంలో, నా కళ్ల ముందు నుంచే తాపీగా నడిచి మా విజార్డ్ మీదకు వెళ్లాడు. నా చేతిలో విల్లుంది, అమ్ములపొదిలో బాణాలున్నాయి, రియాక్షన్ (వేరేవాళ్ల టర్న్‌లో కూడా వాడుకోగలిగే పని, రౌండ్‌కి ఒక్కటే) కూడా మిగిలే ఉంది. అయినా ఏమీ చెయ్యడానికి లేదు. అదే వాడు మా బార్బేరియన్ పక్కనుంచి కదిలి ఉంటే గొడ్డలి దెబ్బ పడేది. ఇలా ప్రతి రౌండ్‌లోనూ నా రియాక్షన్ వృథా అవుతోంది. మా డీఎంని (ఆట నడిపే డంజన్ మాస్టర్‌ని) అడిగితే రూల్ లేదన్నారు, కానీ సరైన హోమ్ రూల్ తెస్తే ఆలోచిస్తానన్నారు. నేను అనుకున్నది ఇది: 30 అడుగుల లోపల శత్రువు ఎవరు కదిలినా రియాక్షన్‌తో ఒక బాణం. ఇందులో తప్పేముంది?

గడులరాజు
ముందు గ్రిడ్ మీద గడులు లెక్కపెట్టండి. గడి ఒక్కటి 5 అడుగులు. కత్తి పట్టుకున్నవాడి అందుబాటు 5 అడుగులు, అంటే చుట్టూ 8 గడులు. మీరడిగిన 30 అడుగులంటే చుట్టూ 168 గడులు. చాలా మ్యాపుల్లో ఒక గది మొత్తం అందులోనే ఇమిడిపోతుంది.

వింటినారి
168 గడుల్లోనూ శత్రువులు ఉండరు కదా. పైగా రియాక్షన్ రౌండ్‌కి ఒక్కటే. ఎంతమంది కదిలినా నేను వేసేది ఒకే బాణం.

గడులరాజు
ఒక్కటే, నిజమే. కానీ మీరు షరతే మార్చేశారు, అది గమనించండి. ఆపర్చునిటీ అటాక్ (మీరు చెప్పిన గొడ్డలి దెబ్బ లాంటి రియాక్షన్ దెబ్బ) వచ్చేది శత్రువు కదిలినప్పుడు కాదు, మీ అందుబాటు దాటి బయటకు పోతున్నప్పుడు. మీ బార్బేరియన్ చుట్టూ శత్రువు గుండ్రంగా తిరిగినా, అందుబాటులోనే ఉన్నంతసేపు దెబ్బ పడదు. మీరడిగేది ‘కదిలితే చాలు’ అనే షరతు. అంటే దగ్గర నుంచి కొట్టేవాళ్లకు కూడా లేని హక్కు.

పాచికలపిచ్చి
రెడీ యాక్షన్ ఉందిగా బ్రో. ‘వాడు విజార్డ్ వైపు కదిలితే బాణం వేస్తా’ అని ముందే చెప్పుకో. వాడు కదిలాడా, రియాక్షన్‌తో వేసెయ్.

వింటినారి
రెడీ గురించి తెలుసు. అందులో నేను పోగొట్టుకునేదే ఎక్కువ. నాది 5వ లెవెల్, నా టర్న్‌లో అటాక్ యాక్షన్ తీసుకుంటే రెండు బాణాలు. రెడీ పెట్టుకుంటే ఒకటే, ఎందుకంటే ఎక్స్‌ట్రా అటాక్ పనిచేసేది సొంత టర్న్‌లో మాత్రమే. పైగా వాడు అసలు కదలకపోతే ఆ ఒక్కటీ పోయినట్టే. ఒక యాక్షన్, ఒక రియాక్షన్ రెండూ ఖర్చుపెట్టి సగం పని చెయ్యాలి.

లెక్కలమాస్టర్
అంకెలు వేసి చూద్దాం. లాంగ్‌బోకి ఒక డి8 (ఎనిమిది ముఖాల పాచిక), డెక్స్టెరిటీ బోనస్ 4 అనుకుంటే తగిలిన బాణానికి సగటున 8.5. ఉచిత రియాక్షన్ బాణం ఇస్తే ఏమవుతుందంటే: 4వ లెవెల్ దాకా టర్న్‌కి ఒకటే అటాక్, కాబట్టి రౌండ్ డ్యామేజ్ నేరుగా రెట్టింపు. 5వ లెవెల్‌లో రెండు అటాక్‌లు, అంటే 50 శాతం పెరుగుదల. 11వ లెవెల్‌లో మూడు, అప్పుడు 33 శాతం. ఏ ఫీటూ (ఎంచుకుని తీసుకునే ప్రత్యేక నైపుణ్యం) తీసుకోకుండా, ఏ ఖర్చూ లేకుండా వచ్చే లాభం ఇది. కత్తివాడి ఆపర్చునిటీ అటాక్‌ని ఇలా లెక్కలో వెయ్యలేం, ఎందుకంటే శత్రువు దాన్ని తప్పించుకోవచ్చు. కదలకుండా నిలబడి పోట్లాడితే చాలు, లేదంటే డిస్‌ఎంగేజ్ (ఆ దెబ్బ పడకుండా తప్పుకునే యాక్షన్) తీసుకోవచ్చు. 30 అడుగుల బాణం విషయంలో ఫైట్‌లో ఎవరో ఒకరు కదలక తప్పదు. మీ రియాక్షన్ దాదాపు ప్రతి రౌండ్‌లోనూ పేలుతుంది.

రోగ్_రాణి
మీ అందరికీ నచ్చకపోతే ఈ రూల్ మా టేబుల్‌కి పంపించండి, ప్లీజ్! మా రోగ్‌ల స్నీక్ అటాక్ (అదను చూసి కొడితే కలిసే అదనపు డ్యామేజ్) రౌండ్‌కి ఒకసారి కాదు, టర్న్‌కి ఒకసారి. నా టర్న్‌లో ఒకటి, వేరేవాళ్ల టర్న్‌లో రియాక్షన్‌తో ఇంకోటి. 5వ లెవెల్‌లో అదనంగా 3డి6, 11వ లెవెల్‌కి 6డి6. నేను పండగ చేసుకుంటాను.

లెక్కలమాస్టర్
@రోగ్_రాణి సరిగ్గా అందుకే భయం. ఫైటర్‌కి 50 శాతం పెరిగే చోట మీకు 100 శాతం పెరుగుతుంది. ఈ హోమ్ రూల్ రాసేవాళ్లు ‘రియాక్షన్ బాణానికి స్నీక్ అటాక్ వర్తించదు’ అని ఒక వాక్యం తప్పకుండా చేర్చాలి.

రోగ్_రాణి
ఆ వాక్యం లేకుండానే పంపండి మరి.

ఇనుపడాలు
డాలు పట్టుకుని ముందు నిలబడేవాణ్ని, కాబట్టి ఘాటుగానే చెప్తా. దెబ్బలు తినేది మేము. ఓగర్ గద మా మీద పడుతుంది, విషపు గాలి మా ముఖాన కొడుతుంది. విలుకాడు 150 అడుగుల అవతల నుంచి ఏ ఇబ్బందీ లేకుండా కొడతాడు, డిసడ్వాంటేజ్‌తో (రెండు పాచికలు వేసి తక్కువది తీసుకోవడం) అయితే 600 అడుగుల దాకా కొడతాడు. 30 అడుగుల వేగం ఉన్న శత్రువు డాష్ చేసుకుంటూ (యాక్షన్ ఖర్చుపెట్టి రెట్టింపు దూరం కదులుతూ) వచ్చినా 150 అడుగులు దాటి అతన్ని చేరేది మూడో రౌండ్‌లోనే. అప్పటిదాకా బాణాలు పడుతూనే ఉంటాయి. ఆ దూరమే విలుకాడికి దక్కిన వరం. ‘నా పక్కనుంచి పోతే దెబ్బ పడుతుంది’ అనే ఒక్క బెదిరింపు మాకుంది. దాన్ని కూడా దూరం నుంచి చెయ్యగలిగితే ఇక ముందు నిలబడటం ఎందుకు? అందరం విల్లులే పట్టుకుందాం.

వింటినారి
మీ బాధ అర్థమైంది. కానీ ఆ దూరం నాకు ప్రతి ఫైట్‌లోనూ దొరకదు. మా ఫైట్‌లు ఎక్కువగా గుహల్లో, ఇరుకు గదుల్లో. శత్రువు నా 5 అడుగుల లోపలికి వస్తే నా బాణానికి డిసడ్వాంటేజ్. సరే, ఒప్పుకుంటాను. వాడే నన్ను వదిలి వెళ్లిపోతుంటే కూడా ఏమీ చెయ్యలేను. పక్కన ఉన్నా శిక్షే, వెళ్లిపోయినా శిక్షే. నన్ను బాగా కుట్టేది ఈ రెండోది.

నిశాచరి
కాలితో తన్నండి. జోక్ కాదు, రూల్స్‌లో ఉన్నదే. ఆపర్చునిటీ అటాక్‌కి కావలసింది ఒక మెలీ (దగ్గర నుంచి కొట్టే) అటాక్, ఆయుధమే ఉండాలని లేదు, అన్‌ఆర్మ్డ్ స్ట్రైక్ చాలు. విల్లుకి రెండు చేతులు కావాల్సింది బాణం వేసేటప్పుడే. మిగతా సమయంలో కాళ్లూ మోచేతులూ ఖాళీయే. డ్యామేజ్ 1 ప్లస్ స్ట్రెంగ్త్ బోనస్. 2020లో టాషా పుస్తకంలో వచ్చిన అన్‌ఆర్మ్డ్ ఫైటింగ్ స్టైల్ తీసుకుంటే చేతిలో విల్లు ఉండగానే డి6 ప్లస్ స్ట్రెంగ్త్. సెంటినెల్ ఫీట్ కూడా ఉంటే, ఆ తన్ను తగిలిన శత్రువు వేగం ఆ టర్న్‌కి సున్నా. మీకు కావలసింది వాణ్ని ఆపడమే అయితే ఇది సరిపోతుంది.

పాచికలపిచ్చి
గోబ్లిన్ నాయకుణ్ని కాలితో తన్ని ఆపిన విలుకాడు. ఇది నాకు కావాలి, ఈ క్యారెక్టర్ నేను తయారుచేసుకుంటా.

వింటినారి
నా స్ట్రెంగ్త్ 10. తన్ను తగిలితే డ్యామేజ్ 1. ఫైటింగ్ స్టైల్ కూడా ఆర్చరీ తీసేసుకున్నాను. సెంటినెల్ ఆలోచన మాత్రం బాగుంది, రాసుకుంటున్నాను.

మంత్రదండం
మంత్రగాళ్లకు వార్ క్యాస్టర్ ఫీట్ ఉంది కదా. ఆపర్చునిటీ అటాక్ బదులు ఒక యాక్షన్ పట్టే మంత్రం వెయ్యొచ్చు, అది ఆ ఒక్కడికే తగిలేది కావాలి. మంత్రానికి ఉన్నది బాణానికి ఎందుకు లేదు?

గడులరాజు
@మంత్రదండం అక్కడ కూడా దూరం లేదండీ. శత్రువు మీ అందుబాటు దాటబోతున్నప్పుడే ఆ రియాక్షన్. ఆ క్షణానికి వాడింకా మీ పక్కనే ఉంటాడు, అందుకే ఫైర్ బోల్ట్ వేస్తే డిసడ్వాంటేజ్‌తోనే వెయ్యాలి. చేత్తో తాకే షాకింగ్ గ్రాస్ప్ లాంటివో, సేవింగ్ త్రో (తప్పించుకోవడానికి శత్రువే వేసే పాచిక) అడిగే మంత్రాలో అయితే ఆ ఇబ్బంది లేదు. ఫీట్ ఖర్చు పెట్టినా దొరికేది ఆ 8 గడుల్లోనే.

పాతపుస్తకం
ఈ ప్రశ్న 5వ ఎడిషన్‌తో పుట్టింది కాదు. డీ అండ్ డీ 3.5 ఎడిషన్‌లో కూడా విల్లుకి థ్రెటెన్ చేసే (రియాక్షన్ దెబ్బ వెయ్యగలిగే) గడులు ఉండవు, పైగా శత్రువు పక్కన ఉండగా బాణం వేస్తే మీ మీదే అటాక్ ఆఫ్ ఆపర్చునిటీ పడుతుంది. 2008లో వచ్చిన 4వ ఎడిషన్‌లోనూ అంతే, శత్రువు పక్కన ఉండగా దూరపు అటాక్ చేస్తే వాడు మిమ్మల్ని కొట్టొచ్చు. ఆ లెక్కన 5వ ఎడిషన్ మీ మీద చాలా దయ చూపించింది, డిసడ్వాంటేజ్‌తో వదిలేసింది.

మీరడుగుతున్నదాన్ని నిజంగా రాసినవాళ్లు పాత్‌ఫైండర్ అనే ఇంకో ఆటవాళ్లు. మొదటి ఎడిషన్‌కి 2011లో వచ్చిన అల్టిమేట్ కాంబాట్ పుస్తకంలో స్నాప్ షాట్ అనే ఫీట్ ఉంది. అది తీసుకుంటే విల్లుతో 5 అడుగుల లోపల థ్రెటెన్ చెయ్యొచ్చు. ఇంప్రూవ్డ్ స్నాప్ షాట్‌తో ఇంకో పదడుగులు కలిసి 15 అవుతుంది. కానీ దానికి ముందు ఏమేం కావాలో చూడండి: పాయింట్ బ్లాంక్ షాట్, రాపిడ్ షాట్, ఆ ఆయుధంలో వెపన్ ఫోకస్, బేస్ అటాక్ బోనస్ (లెవెల్‌తో పెరిగే అంకె) +6. ఇంప్రూవ్డ్‌కి +9. అంటే ఫైటర్‌కైనా 9వ లెవెల్ దాకా ఆగాల్సిందే. అంత ఖర్చు పెట్టించి కూడా వాళ్లు 15 అడుగుల దగ్గరే ఆపారు.

గడులరాజు
15 అడుగులు అంటే 48 గడులు. 8కీ 168కీ మధ్య.

పాతపుస్తకం
అవును. అది కూడా చాలా బలమైన ఫీట్ అనే పేరు తెచ్చుకుంది. కంబాట్ రిఫ్లెక్సెస్ కూడా ఉంటే రౌండ్‌కి ఒకటి కాదు, డెక్స్టెరిటీ బోనస్ ఎంతో అన్ని అదనపు అటాక్‌లు. విలుకాడికి డెక్స్టెరిటీ ఎలాగూ ఎక్కువే ఉంటుంది. 2019లో రెండో ఎడిషన్ రాసినప్పుడు వాళ్లు మళ్లీ వెనక్కి లాగారు. ఫైటర్‌కి 8వ లెవెల్‌లో మొబైల్ షాట్ స్టాన్స్, రేంజర్‌కి 6వ లెవెల్‌లో స్నాప్ షాట్. రెండింట్లోనూ లక్ష్యం మీ పక్క గడిలోనే ఉండాలి. నా అభిప్రాయంలో ఇదే సరైన చోటు. విల్లుతో రియాక్షన్ ఇవ్వండి, కానీ దూరం ఇవ్వకండి.

ఇనుపడాలు
దీనికి నేనూ ఒప్పుకుంటా. పక్క గడిలో ఉన్నవాడు వెళ్లిపోతుంటే బాణం వేస్తే వేసుకోనివ్వండి. ఒక ఫీట్ మాత్రం ఖర్చవ్వాలి.

వింటినారి
అయితే ఒక మాట. 5వ ఎడిషన్ లోడింగ్ రూల్ చదివారా? క్రాస్‌బో గురించి రాస్తూ, యాక్షన్‌తో గానీ బోనస్ యాక్షన్‌తో గానీ రియాక్షన్‌తో గానీ వేసినప్పుడు ఒక్క బాణమే వెయ్యగలరు అంటుంది. అంటే రియాక్షన్‌తో దూరపు ఆయుధం వెయ్యడం రూల్స్ రాసినవాళ్ల ఊహలో ఉన్నదే.

నిశాచరి
ఉన్నదే, వాడుకునే దారులు కూడా ఉన్నాయి. మీ పార్టీలో బ్యాటిల్ మాస్టర్ (ఫైటర్లలో ఒక రకం) ఉన్నారా? కమాండర్స్ స్ట్రైక్ అనే మాన్యూవర్‌తో తన అటాక్ ఒకటి, బోనస్ యాక్షన్ వదులుకుని మీ చేత రియాక్షన్‌తో అటాక్ చేయించొచ్చు. అక్కడ మెలీ అన్న షరతు లేదు, ఏ ఆయుధమైనా సరే. మీ బాణం డ్యామేజ్‌కి తన సుపీరియారిటీ డై (అదనపు పాచిక) కూడా కలుస్తుంది. ఆర్డర్ డొమైన్ క్లెరిక్ ఉన్నా అలాంటిదే, మీ మీద మంత్రం వేస్తే మీకు రియాక్షన్ అటాక్ వస్తుంది. మీరు రియాక్షన్ వృథా అంటున్నారు. నాకైతే అది పార్టీ మొత్తానికీ అందుబాటులో ఉన్న ఖాళీ రియాక్షన్. మిగతావాళ్లు షీల్డ్ మంత్రానికో ఆపర్చునిటీ అటాక్‌కో దాచుకోవాలి, మీకు ఆ బెడద లేదు. ఎవరు పిలిచినా మీరు సిద్ధం.

వింటినారి
ఇది నేనెప్పుడూ ఈ వైపు నుంచి చూడలేదు. మా క్లెరిక్ లైఫ్ డొమైన్, కానీ రెండో ఫైటర్ 3వ లెవెల్‌కి వస్తున్నాడు. బ్యాటిల్ మాస్టర్ తీసుకోమని అడుగుతా.

గుహవాసి
డీఎంగా మాట్లాడతా, ఎందుకంటే ఇక్కడ అందరూ ప్లేయర్ వైపు నుంచే చూస్తున్నారు. డ్యామేజ్ లెక్కలు నన్ను అంతగా భయపెట్టవు, కావాలంటే శత్రువుల హిట్ పాయింట్లు పెంచుకుంటాను. నన్ను భయపెట్టేవి రెండు.

ఒకటి, మీకున్న రూల్ నా గోబ్లిన్లకూ ఉంటుంది. గోబ్లిన్ షార్ట్‌బోకి అటాక్ +4, డ్యామేజ్ డి6+2. ఆరుగురు గోబ్లిన్లను గోడ మీద నిలబెట్టానంటే, మీ పార్టీలో ఎవరు అడుగు వేసినా బాణాలు. 1వ లెవెల్ విజార్డ్ గది దాటి అవతలికి వెళ్లలేడు. అప్పుడు ప్లేయర్లు ఏం చేస్తారు? ఎవరూ కదలరు. రెండు వైపులా స్తంభాల వెనక నక్కి, వంతులవారీగా పాచికలు వేసుకుంటారు. ఫైట్‌లో కదలిక చచ్చిపోతుంది. ఆపర్చునిటీ అటాక్ ఉన్నది ఒక చోటు పట్టి ఉంచడానికి. దాన్ని గది అంతా పరిస్తే గదిలో ఉన్న అందరూ పట్టుబడిపోతారు.

రెండు, వేగం. ఇప్పుడు నేను ఒక మినీ (గ్రిడ్ మీది బొమ్మ) జరిపేటప్పుడు దాని పక్క గడుల్లో ఎవరున్నారో చూస్తే చాలు. మీ రూల్ వస్తే ప్రతి శత్రువు కదిలినప్పుడల్లా ఆగి ‘వేస్తారా? వెయ్యరా? ఇంకొకరి కోసం దాచుకుంటారా?’ అని అడగాలి. అవతలి ప్లేయర్ ఆలోచిస్తాడు. మధ్యలో కవర్ ఉందా లేదా అని వాదన. తన టర్న్ కోసం ఎదురుచూస్తున్నవాళ్లకు విసుగొస్తుంది. ఎంత మంచి రూల్ అయినా ఆటని ఇలా మాటిమాటికీ ఆపితే నేను పెట్టను.

లెక్కలమాస్టర్
@గుహవాసి రెండో పాయింట్ నా లెక్కల కంటే బలమైనది.

సెకనుకోటర్న్
ఇవన్నీ ఆరు సెకన్ల రౌండ్ ఉన్న ఆటల గొడవలు. జీయూఆర్‌పీఎస్ అనే ఆటలో టర్న్ అంటే ఒక సెకను. బాణం తీసి నారికి సంధించడానికే సెకన్లు పడతాయి. శత్రువు కదలగానే బాణం వెయ్యాలంటే వెయిట్ తీసుకోవాలి, అందులో ఆపర్చునిటీ ఫైర్ అని ఒక పద్ధతి ఉంది. ముందుగా ఏ చోటు మీద గురిపెట్టారో చెప్పాలి. ఒక్క హెక్స్ (ఆరు మూలల గడి) మీద చూపు పెడితే పెనాల్టీ లేదు. చూసే మేర పెరిగే కొద్దీ తగిలే అవకాశం తగ్గుతుంది. తలుపొక్కటే చూస్తున్నవాడికీ మైదానం అంతా చూస్తున్నవాడికీ తేడా ఉండాలి కదా. నాకు ఇంతకంటే న్యాయమైన రూల్ కనబడలేదు.

పాతపుస్తకం
బోర్డ్ గేముల్లో కూడా ఇదే దారి. 1989లో వచ్చిన స్పేస్ హల్క్‌లో ఓవర్‌వాచ్ ఉంది. మెరైన్ ఇరుకు దారి మీద తుపాకి గురిపెట్టి నిలబడతాడు, జీన్‌స్టీలర్ (శత్రు జీవి) కళ్లెదుట కదిలిన ప్రతిసారీ కాలుస్తాడు. కానీ రెండు పాచికల మీదా ఒకే అంకె పడితే తుపాకి జామ్. ఎంత ఎక్కువ కాలిస్తే జామ్ అయ్యే ప్రమాదం అంత ఎక్కువ. ఆ టెన్షనే ఆ గేమ్‌కి ప్రాణం.

మంత్రదండం
లాన్సర్ అనే ఆటలో అయితే తుపాకులకు కూడా ఓవర్‌వాచ్ అందరికీ ఉంటుంది, ఫీట్లేమీ అక్కర్లేదు. ప్రతి ఆయుధానికీ థ్రెట్ అనే అంకె ఉంటుంది, వేరే చెప్పకపోతే అది 1. శత్రువు ఆ థ్రెట్ లోపల కదలడం మొదలుపెడితే, వాడు కదిలేలోపే కాల్చొచ్చు. తుపాకి ఎంత దూరం కాల్చగలిగినా ఓవర్‌వాచ్ పనిచేసేది పక్క హెక్స్‌లోనే. దూరం, బెదిరింపు అనే రెండింటినీ వేర్వేరు అంకెలుగా విడదీశారు. అదే ఇనుపడాలు గారి బాధకి జవాబు అనుకుంటా.

వింటినారి
అందరివీ కలిపి కొత్తగా రాస్తున్నా, చూడండి.

నా టర్న్‌లో యాక్షన్ ఖర్చుపెట్టి ‘కాపు’ పెడతాను. మామూలు రేంజ్ లోపల మూడు గడులకు మూడు గడుల చోటు ఒకటి గుర్తుపెడతాను, అది మ్యాప్ మీద అందరికీ కనబడాలి. నా తర్వాతి టర్న్ మొదలయ్యేలోపు అందులోకి అడుగుపెట్టిన మొదటి శత్రువు మీద రియాక్షన్‌తో ఒక బాణం. కాపు పెట్టిన టర్న్‌లో నేను కదలకూడదు. స్నీక్ అటాక్ వర్తించదు. శత్రువులకూ ఇదే రూల్.

గుహవాసి
ఇది నయం. మ్యాప్ మీద గుర్తు కనబడుతుంది కాబట్టి నేను ప్రతిసారీ ఆగి అడగక్కర్లేదు. మొదటివాడు అన్నారు కాబట్టి ‘దాచుకుంటారా’ అనే ప్రశ్నే లేదు. ప్లేయర్లకు కూడా ఎటు వెళ్లకూడదో తెలుస్తుంది, చుట్టూ తిరిగి వెళ్లే దారి వెతుక్కుంటారు. కదలిక చావదు, ఇంకా ఆసక్తిగా మారుతుంది.

పాచికలపిచ్చి
కానీ ఇది రెడీ యాక్షనే కదా? దానికే ఇంకో నాలుగు షరతులు తగిలించారు. రెడీలో అయితే నేను కదలొచ్చు కూడా.

వింటినారి
అవును, అందుకే ఇంకొకటి కలపాలి. రెడీలో ఎక్స్‌ట్రా అటాక్ పోతుంది, నా అసలు ఫిర్యాదు అదే. కాపు పెడితే 5వ లెవెల్ నుంచి రెండో బాణం కూడా ఉండాలి. రెండూ అదే శత్రువు మీదే.

లెక్కలమాస్టర్
అయితే మొత్తం డ్యామేజ్ మీ మామూలు టర్న్‌కి సమానం, పైకి ఏమీ పెరగలేదు. ఎవరూ అడుగుపెట్టకపోతే అంతా సున్నా. నాకు అభ్యంతరం లేదు. రోగ్‌కి మాత్రం దీంట్లో లాభం లేదు, ఎలాగూ ఒకటే అటాక్. వాళ్లు మామూలు రెడీనే వాడుకుంటారు, అక్కడ స్నీక్ అటాక్ పనిచేస్తుంది.

రోగ్_రాణి
మేం ఎప్పటినుంచో అదే చేస్తున్నాం. రెడీ యాక్షన్ బాగాలేదని ఫైటర్లే అంటారు.

ఇనుపడాలు
నేను ఆ మూడు గడుల మధ్యలో నిలబడి పోట్లాడుతుంటే? నా పక్కకి వచ్చినవాడి మీద కూడా బాణాలు వేస్తారా?

గడులరాజు
వెయ్యొచ్చు. కానీ బాణం దారిలో మీరు అడ్డుంటే శత్రువుకి హాఫ్ కవర్, ఏసీ (దెబ్బ తగలడానికి పాచిక అందుకోవాల్సిన అంకె) +2. కాపు పెట్టేవాడు పక్కకి జరిగి, మీరు అడ్డం రాని కోణంలో నిలబడి గుర్తుపెట్టుకోవాలి. అది కాపుకి ముందు టర్న్‌లోనే ఆలోచించుకోవాల్సిన పని, ఎందుకంటే ఆ టర్న్‌లో కదలకూడదన్నారు.

ఇనుపడాలు
అయితే నేను తలుపు దగ్గర నిలబడతా, వింటినారి నా పక్క కిటికీ మీద కాపు పెట్టనీ. ఇద్దరం కలిసి గది మూసేస్తాం. ఇలాగైతే నాకు ఇష్టమే.

నిశాచరి
2024 రూల్స్‌కి మారితే ఇంకా పదునెక్కుతుంది. లాంగ్‌బోకి వెపన్ మాస్టరీ (ఆయుధపు ప్రత్యేక గుణం) స్లో, తగిలితే శత్రువు వేగం పదడుగులు తగ్గుతుంది. హెవీ క్రాస్‌బోకి పుష్, లార్జ్ సైజు దాకా ఎవరినైనా పదడుగులు వెనక్కి నెడుతుంది. తలుపు మీద హెవీ క్రాస్‌బోతో కాపు పెడితే లోపలికి వచ్చినవాడు మళ్లీ బయటే ఉంటాడు.

గుహవాసి
క్రాస్‌బో మాట వచ్చింది కాబట్టి: లోడింగ్ ఉన్న ఆయుధానికి రియాక్షన్‌తో ఒక్క బాణమే. కాపు రెండో బాణం దానికి వర్తించదని రూల్‌లో రాసేయండి. క్రాస్‌బో ఎక్స్‌పర్ట్ ఫీట్ ఉంటే వేరే సంగతి.

వింటినారి
రాశాను. రెండు గుర్తులు ఒకదాని మీద ఒకటి పడకూడదని కూడా రాశాను, లేకపోతే ఇద్దరు విలుకాళ్లు ఒకే తలుపు మీద కాపు పెట్టి ఒకడి మీదే నాలుగు బాణాలు వేస్తారు. రాత్రికి మా డీఎంకి పంపిస్తున్నా.

పాచికలపిచ్చి
డీఎం ఒప్పుకుంటే ఫైట్ ఎలా జరిగిందో ఇక్కడే రాయి బ్రో. గోబ్లిన్లు కాపు పెట్టిన ఫైట్ కూడా.